ఊళ్ళో ఉండి వెబ్‌సైట్ల పని మీద బతకొచ్చా? రాజమండ్రి నుంచి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయ్యాక భీమవరంలోనే ఉండి ఏడాదిలో నాలుగు సైట్లు చేశావు. అందులో ఆస్పత్రి, స్కూలు బ్యాలెన్స్ ఇంకా ఇవ్వలేదు. కొత్తగా ఎవరి దగ్గరికి వెళ్ళినా "మా అల్లుడు మూడు వేలకు చేసిపెడతానన్నాడు" అంటున్నారు. ఇంట్లోవాళ్ళు హైదరాబాద్ వెళ్ళి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఉండాలా, వెళ్ళాలా అన్నది నీ ప్రశ్న.

నేను 2011 నుంచి రాజమండ్రిలో ఇదే పని చేస్తున్నాను. ఉండొచ్చనే చెప్తాను. కాకపోతే నీ లెక్క మార్చుకోవాలి.

నువ్వు సైటుకు ఎనిమిది వేలు చొప్పున నాలుగు సైట్లకు 32 వేలు అని రాశావు. వచ్చే జనవరి ఒకటో తేదీన మళ్ళీ సున్నా దగ్గర మొదలుపెడతావు. నేనూ మొదటి మూడేళ్ళు అలాగే చేశాను. ప్రతి ఏడాదీ కొత్తవాళ్ళ కోసం తిరగడం, పాతవాళ్ళు ఫోన్ చేస్తే మొహమాటానికి ఊరికే మార్పులు చేసిపెట్టడం. నాలుగో ఏట లెక్క రాసుకుంటే నా సమయంలో సగం డబ్బులు రాని పాత సైట్లకే పోతోందని తేలింది. అప్పుడు వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఇకనుంచి ఏడాదికింత అని అడిగాను. కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళే ఈ రోజు నా వ్యాపారం.

ఇప్పుడు 62 మంది దగ్గర ఏడాదికి 6,000 చొప్పున తీసుకుంటున్నాను. 3,72,000. డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ అద్దె) ఖర్చు మనిషికి సుమారు 2,000 పోతే దాదాపు రెండున్నర లక్షలు మిగులుతుంది. కొత్త సైటు ఒక్కటీ రాకపోయినా ఇది వస్తుంది. దాని మీద ఏడాదికి పద్నాలుగు పదిహేను కొత్త సైట్లు, ఒక్కోటి 18 నుంచి 25 వేలు. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ జీతంతో పోలిస్తే ఇది తక్కువే. అయితే నాకు ఇంటద్దె లేదు, అమ్మానాన్నా దగ్గరున్నారు. ఈ లెక్క నీకు సరిపోతుందా అన్నది నీ ఇంటి పరిస్థితిని బట్టి నువ్వే చూసుకోవాలి.

ఏటేటా తీసుకునే ఈ సొమ్మును ఏ పేరుతో అడగాలో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. "మెయింటెనెన్స్" అంటే "చేసి ఇచ్చేశావుగా, ఇంకేం మెయింటెనెన్స్?" అనేవారు. ఒకసారి దేవీచౌక్ దగ్గర ఒక స్కాన్ సెంటర్లో కూర్చుని ఉండగా జెరాక్స్ మిషన్ కుర్రాడు వచ్చి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) చెక్కు తీసుకువెళ్ళాడు. లిఫ్ట్‌కు ఏఎంసీ, సీసీ కెమెరాలకు ఏఎంసీ, ఇన్వర్టర్‌కు ఏఎంసీ. ఆ మేడం గారు మారు మాట్లాడకుండా సంతకం పెట్టేశారు. ఆ వారమే నా కొటేషన్‌లో మాట మార్చాను. "వెబ్‌సైట్ ఏఎంసీ, ఏడాదికి" అని రాస్తే అర్థం ఏమిటని అడిగినవాళ్ళే లేరు. ఆ మాట వాళ్ళ ఖాతా పుస్తకంలో ఎప్పటినుంచో ఉంది.

ఏఎంసీలో ఏమేం వస్తాయో మాత్రం కాగితం మీద రాసివ్వాలి. డొమైన్, హోస్టింగ్, భద్రతా సర్టిఫికెట్ (సైటులో నింపే వివరాలు దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది), వారానికోసారి బ్యాకప్, అప్‌డేట్లు, నెలకు రెండు చిన్న మార్పులు. కొత్త పేజీ కావాలంటే వేరే. భద్రతా సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు తీసుకోకు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, గడువు తీరకముందే దానంతటదే కొత్తదయ్యేలా పెట్టుకోవచ్చు. 2018 జూలై నుంచి సర్టిఫికెట్ లేని సైటును క్రోమ్ 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది. ఆస్పత్రి సైటు మీద ఆ మాట కనిపిస్తే ఏ రోగి అపాయింట్‌మెంట్ ఫారం నింపుతాడు?

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి డొమైన్. దీని మీద కాసేపు ఆగుతాను.

ఆత్రేయపురం వైపు ఒక పూతరేకుల వ్యాపారి నా దగ్గరికి 2017లో వచ్చారు. అంతకుముందు సైటు చేసిన కుర్రాడు డొమైన్ తన పేరు మీద, తన మెయిల్ మీద కొన్నాడు. తర్వాత విదేశానికి వెళ్ళిపోయాడు. రెన్యువల్ మెయిళ్ళు ఆ అబ్బాయికే వెళ్ళాయి, అతను చూసుకోలేదు. డాట్ కామ్ గడువు తీరాక రిజిస్ట్రార్‌ను (డొమైన్ అమ్మే కంపెనీని) బట్టి కొన్నాళ్ళు మామూలు ఫీజుకే వెనక్కి తీసుకోనిస్తారు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు, అందులో ఫీజు చాలా రెట్లుంటుంది. ఆపైన 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. మరెవరో కొనేశారు. ఆ పెద్దాయన అప్పటికే ఆ అడ్రసు అచ్చువేయించిన అట్టపెట్టెలు గోడౌన్ నిండా పెట్టుకుని ఉన్నారు. సంక్రాంతికి ముందు. ఇంట్లో ఆడవాళ్ళందరూ కూర్చుని పెట్టె పెట్టెకూ స్టిక్కర్ అంటించారు. "బాబూ, ఇది నా పేరు మీద ఉండాలని నాకు ఎవరూ చెప్పలేదు" అన్నారాయన. ఆ మాట నేను మరిచిపోలేదు.

అందుకే మొదటి రోజే క్లయింటు ముందు కూర్చుని, వాళ్ళ పేరు, వాళ్ళ మెయిల్, వాళ్ళ ఫోన్ నంబరుతో డొమైన్ కొను. మెయిల్ లేకపోతే అక్కడే తీయించు. పాస్‌వర్డ్ ఒక కవర్లో రాసి వాళ్ళ బీరువాలో పెట్టించు. నీకు విడిగా యాక్సెస్ పెట్టుకో. డొమైన్ మన చేతిలో ఉంటేనే క్లయింటు మన దగ్గర ఉంటాడని కొంతమంది నీకు సలహా ఇస్తారు. వినకు. ఎవరైనా వెళ్ళిపోతానంటే డొమైన్‌ను వేరే చోటికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఆ రోజే ఇచ్చేస్తాను. ఇన్నేళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఇద్దరు తర్వాత నా దగ్గరికి వేరేవాళ్ళను పంపించారు. మన ఊరి వ్యాపారంలో ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి సాయంత్రం టీ చాలు.

ఇక అల్లుడి మూడు వేలు. ఆ అల్లుడితో పోటీ పడకు, అతన్ని తీసిపారేయకు కూడా. వాళ్ళింటి మనిషి. నేనైతే ధర మాట వదిలేసి "మీకు రోజూ ఫోన్ చేసేవాళ్ళు ముందుగా ఏం అడుగుతారండీ?" అంటాను. కడియపులంకలో ఒక నర్సరీ యజమానిని ఇలాగే అడిగితే ఆయన గంటసేపు చెప్పారు. మొక్క ఎత్తెంత, ఏ సైజు బ్యాగులో ఉంది, లారీకి ఎన్ని పడతాయి, దారిలో వాడిపోతే ఎవరిది బాధ్యత. బయటి రాష్ట్రాల నుంచి ఫోన్ చేసేవాళ్ళకు ఇవే ప్రశ్నలు. రోజూ ఇవే జవాబులు చెప్పి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి ఆయన, ఆయన కొడుకు అలసిపోతున్నారు. నేను అర రోజు నర్సరీలో కూర్చుని ఆ ఫోన్లు విని రాసుకున్నాను. సైటులో ప్రతి మొక్క పేజీ ఆ నాలుగు ప్రశ్నల చుట్టూనే కట్టాను. పక్కన మనిషిని నిలబెట్టి ఎత్తు తెలిసేలా ఫొటో తీశాను. పేజీ కింద ఒక వాట్సాప్ బటన్, నొక్కితే మొక్క పేరుతో సహా మెసేజ్ తయారుగా ఉంటుంది. ఇంగ్లీషు, హిందీ రెండిటిలోనూ పెట్టాం. ఆయన 25 వేలు బేరం లేకుండా ఇచ్చారు, ఎందుకంటే నేను అడిగింది ఆయన అలసట గురించి. పక్క నర్సరీవాళ్ళు ఇద్దరు ఆయన చెబితేనే వచ్చారు.

అందరికీ సైటు అమ్మకు. టిఫిన్ సెంటరుకో, కిరాణా కొట్టుకో సైటు అక్కర్లేదు. వాళ్ళకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో వెతికితే కొట్టు వివరాలు కనిపించే ఉచిత పేజీ) సరిగ్గా పెట్టి, మ్యాపులో చోటు సరిచేసి, పని వేళలు, మంచి ఫొటోలు ఎక్కించి పదిహేను వందలు తీసుకో. అదే గంట పని. గూగుల్ ఆ ప్రొఫైల్ నుంచి ఉచితంగా తయారుచేసి ఇచ్చిన చిన్న సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. వాటి అడ్రసు విజిటింగ్ కార్డుల మీద వేసుకున్న కొట్లు మీ ఊళ్ళో ఇంకా ఉంటాయి. నొక్కితే ఏమీ రాదని వాళ్ళలో చాలామందికి తెలియదు. ఒక ఆదివారం తిరిగి చూడు, నిజంగా సాయం కావలసినవాళ్ళు దొరుకుతారు.

డబ్బు వసూలు సంగతి. నీ రెండు బ్యాలెన్సులు ఎక్కడ ఆగాయో నువ్వే రాశావు: సైటు లైవ్ అయ్యాక. నా పద్ధతి ఇది. పని మొదలుపెట్టేముందు సగం. నా టెస్ట్ అడ్రసులో, వాళ్ళ ఫోన్‌లోనే డిజైన్ చూపించినప్పుడు 30 శాతం. వాళ్ళ డొమైన్ మీదకు ఎక్కించేముందు మిగతా 20. ఒక్కసారి లైవ్ అయ్యాక బ్యాలెన్స్ అడగడం అంటే పెళ్ళయ్యాక కట్నం మాట్లాడటం లాంటిదని మా గురువు అనేవారు.

ఇంకో చిక్కు మేటర్, అంటే సైటులో పెట్టే రాత, ఫొటోలు. "మేటర్ రేపు పంపిస్తా" అంటారు, మూడు నెలలు గడుస్తాయి. స్కూలు కరస్పాండెంట్ సందేశం రాయరు, డాక్టరుగారి ఫొటో ఇవ్వరు. డిజైన్ చూపించాకే రెండో విడత అని రాసుకుంటే నువ్వు వాళ్ళ మేటర్ కోసం కాపలా కాయాలి. కాబట్టి రెండో విడతకు ఆఖరి తేదీ కూడా పెట్టు: అడ్వాన్స్ ఇచ్చిన 30 రోజులకు, మేటర్ వచ్చినా రాకపోయినా. ఇంకా మంచిది, మేటర్ నువ్వే రాయి. గంట కూర్చుని మాట్లాడి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, రాసి చూపించు. తప్పులు దిద్దడం అందరికీ తేలిక, కొత్తగా రాయడం ఎవరికీ కాదు.

వసూలుకు ఎప్పుడు వెళ్తున్నావో కూడా చూసుకో. శుక్రవారం చాలా కొట్లలో డబ్బు బయటికివ్వరు, దీపాలు పెట్టాక అసలే ఇవ్వరు. ఆషాఢంలో, పుష్యంలో కొత్త పని మొదలుపెట్టరు. దానికి విసుక్కోవద్దు, ముందే లెక్కలో వేసుకో. ఏఎంసీ బిల్లును డొమైన్ తేదీకి ముడిపెట్టకుండా, ఆ వ్యాపారంలో డబ్బు ఆడే నెలకు పెట్టు. స్కూళ్ళకు జూన్, నగల కొట్లకు శ్రావణం దాటాక, పూతరేకులవాళ్ళకు సంక్రాంతి అయిన వారం. డొమైన్‌ను రెండేళ్ళకు ఒకేసారి కట్టేస్తే తేదీ తొందర ఉండదు. ఈ ఒక్క మార్పుతో నా వసూళ్ళు బాగా తేలికయ్యాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేసుకో. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. వెయ్యి రెండువేలు అడిగే సైట్లకు కట్టకు. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆ గడువులోపు ఇవ్వని సొమ్మును కొనుగోలుదారు, కట్టేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన అది. కాబట్టి బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రించు. పదివేల కోసం కేసుకెళ్ళమని చెప్పను. ఆ నంబరు చూసిన ఆడిటర్లు మార్చి నెలలో వాళ్ళంతట వాళ్ళే యజమానికి గుర్తుచేస్తారు.

జీఎస్టీ గురించి: సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో 18 శాతం వసూలు చేయడం మాత్రం తప్పు. టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసే క్లయింట్లుంటే పాన్ నంబరు సరిగ్గా ఇచ్చి, ఏటా రిటర్న్ వేయి. మిగతాది ఒక మంచి ఆడిటర్ చేతిలో పెట్టు.

తెలుగు గురించి నీకు ఇప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంటుంది. డీటీపీ షాపు నుంచి వచ్చే మేటర్ చాలావరకు 'అను' అనే ఫాంట్లలో కొట్టినదే. దాన్ని సైటులో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. చాలామంది దాన్ని బొమ్మగా మార్చి పెట్టేస్తారు. బొమ్మలో ఉన్న తెలుగు గూగుల్‌లో వెతికేవాడికి దొరకడం కష్టం, కళ్ళు సరిగా కనపడక ఫోన్‌తో చదివించుకునేవాళ్ళకు వినపడదు. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి) మార్చు, మార్చాక ఒత్తులన్నీ ఒక్కొక్కటిగా చూసుకో. కన్వర్టర్లు ముఖ్యంగా ర వత్తు దగ్గర తప్పుతాయి. శీర్షికలకు రామభద్ర, మామూలు పేరాలకు మండలి గాని నోటో సాన్స్ తెలుగు గాని గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషుకు పెట్టే వరస ఎడం తెలుగుకు చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. నేను అక్షరం సైజుకు 1.8 రెట్లు పెడతాను. మన భాష చదవడానికి హాయిగా ఉండేలా పెట్టడం మన చేతిలోనే ఉంది కదా.

క్లయింటు చెప్పిందల్లా సైటులో రాసేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఇవి తెలిస్తే ఆ రంగంలోవాళ్ళు నిన్ను వదలరు. లాయర్లకు ప్రకటనలు నిషేధం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమానికి 2008లో చేసిన సవరణతో సైటులో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారో పెట్టుకోవచ్చు. "నంబర్ వన్ లాయర్", గెలిచిన కేసుల జాబితా, క్లయింట్ల పొగడ్తలు పెట్టకూడదు. రియల్ ఎస్టేట్‌వాళ్ళు 500 చదరపు మీటర్లు దాటిన వెంచరును గాని, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటును గాని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రచారం చేయకూడదు. నంబరు చూపించేదాకా నేను ఆ పేజీ మొదలుపెట్టను. ఒక ఆయుర్వేద క్లినిక్ వాళ్ళు "షుగర్‌కు శాశ్వత నివారణ" అని పెద్దక్షరాలతో పెట్టమన్నారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద ఆ ప్రకటన నేరం. ఆ మాట చెప్పి చూపించాను. మొదట నొచ్చుకున్నా, తర్వాత తీసేయమన్నారు. పచ్చళ్ళు, మిఠాయిలు ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు పంపేవాళ్ళకు టర్నోవర్ ఎంతైనా జీఎస్టీ కావాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కావాలి. పేమెంట్ గేట్‌వే (సైటులోనే డబ్బు కట్టించుకునే ఏర్పాటు) ఇవ్వాలంటే రీఫండ్, ప్రైవసీ, షరతుల పేజీలు సైటులో ఉండాలి. ఇవన్నీ కొటేషన్ ఇచ్చేముందే అడుగు, లేకపోతే సైటు పూర్తయ్యాక నెలలు ఆగిపోతుంది.

టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరికే దొంగ థీములు (తయారు డిజైన్లు), ప్లగిన్లు (సైటుకు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్లు) ముట్టుకోకు. 2014లో నేను అలాంటి దొంగ థీము ఒకటి వాడాను. అందులో దాచిన దొంగ కోడ్ వల్ల ఆరు నెలలకు ఒక లాడ్జి సైటు గూగుల్‌లో వెతికితే జపనీస్ అక్షరాలతో వందల పేజీలు వచ్చాయి. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు. ఊరంతా గదుల కోసం వెతికే రోజులు దగ్గరపడుతుంటే ఆ లాడ్జి పేరు గూగుల్‌లో పాడైపోయింది. శుభ్రం చేసి, మళ్ళీ మామూలయ్యేసరికి వారాలు పట్టింది. వాళ్ళు నన్ను ఏమీ అనలేదు. అందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది. సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌తో వచ్చే ఉచిత థీమే శుభ్రంగా దిద్దుకుంటే మన ఊరి పనికి చాలు.

ఇప్పుడు నీ రెండు బ్యాలెన్సులు. ఆస్పత్రికి మేనేజరు దగ్గరికి కాకుండా బిల్లు పట్టుకుని నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళు, ఓపీ అయ్యాక, మధ్యాహ్నం. సైటు నుంచి ఎన్ని ఫోన్లు, ఎన్ని ఫారాలు వచ్చాయో ఒక కాగితం మీద తీసుకెళ్ళి ముందు అది చూపించు, తర్వాత బిల్లు. దాంతోపాటే వచ్చే ఏడాది ఏఎంసీ కాగితం కూడా ఇవ్వు. స్కూలువాళ్ళు అడ్మిషన్ల ముందు తప్పకుండా ఫోన్ చేస్తారు, కొత్త ఫీజుల పేజీ, టాపర్ల ఫొటోలు కావాలని. అప్పుడు మర్యాదగా, "పాతది సెటిల్ చేద్దామండీ, ఈ రోజే ఎక్కిస్తాను" అను. సైటు ఆపేస్తానని బెదిరించకు. పిల్లల తల్లిదండ్రులు చూసే సైటు అది. ఈ లోపు ఆ నాలుగు డొమైన్లూ ఎవరి పేరు మీద ఉన్నాయో ఈ రాత్రే చూసుకో. నీ పేరు మీద ఉన్నవి ఉంటే వాళ్ళ పేరుకు మార్చు.